మెగావాట్లకు ఉన్న లెక్క పదునుకూ కావాలి

2030 నాటికి 500 గిగావాట్లు, 2070 నాటికి నికర సున్నా. వాతావరణ మార్పు విషయంలో మన దేశం ప్రపంచానికి ఇచ్చిన మాటల్లో ఈ రెండు అంకెలూ పేపరు చదివే ప్రతివారికీ తెలుసు. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధానమంత్రి వీటిని ప్రకటించినప్పుడు మా కళ్యాణదుర్గం టీ అంగళ్ళ దగ్గర కూడా చర్చ నడిచింది. నడవకేం? బెళుగుప్ప, ఉరవకొండ, వజ్రకరూరు దిక్కుకు పోతే చేల మధ్యనే గాలిమరలు తిరుగుతుంటాయి. 1990ల మధ్యలో రామగిరి కొండల మీద తొలి మరలు లేచిన నాటినుంచి అనంతపురం గాలికి ఒక ధర పలుకుతోంది. ఎన్‌.పి.కుంట సోలార్ పార్కు వచ్చాక ఎండకూ పలికింది.

నేను వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కంబదూరు, కుందుర్పి, శెట్టూరు, బ్రహ్మసముద్రం మండలాల్లో నేను కాలు పెట్టని ఊరు తక్కువ. కంబదూరు దారిలో నాకూ ఎనిమిదెకరాల ఎర్రనేల ఉంది, బోరు లేదు. పక్కచేను మా చిన్నాయనది. గ్లాస్గో సంగతి నేను చదివి చెబితే ఆయన అడిగాడు: “ఏమప్పా, ఢిల్లీవాళ్ళు గాలికి లెక్క రాసినారు, ఎండకు లెక్క రాసినారు. మన పదునుకు ఏమన్నా రాసినారా?”

పదునంటే నేలలో నిలిచే తేమ. వెతికాను. 2022 ఆగస్టులో మన దేశం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన సవరించిన హామీపత్రంలో, జీడీపీతో పోల్చిన ఉద్గారాల తీవ్రతను 2005 నాటి కంటే 45 శాతం తగ్గిస్తామని ఉంది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరుల నుంచి తెస్తామని ఉంది. అడవులు, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అదనంగా పీల్చే ఏర్పాటు చేస్తామని ఉంది. అన్నింటికీ గడువు 2030. వ్యవసాయం, నీళ్ళు, హిమాలయాలు, సముద్రతీరం, ఆరోగ్యం, విపత్తుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఈ రంగాల్లో పెట్టుబడులు పెంచి మార్పును తట్టుకునేలా చేస్తామన్న ఒక్క వాక్యమే ఉంది. ఎన్ని ఎకరాలు, ఎంతమంది, ఏ ఏడాదికి అన్న అంకె ఒక్కటీ లేదు.

ఈ హామీపత్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మనిషికి ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలే దేశం, పద్నాలుగు టన్నులు వదిలే అమెరికా పక్కన నిలబడి నికర సున్నా అనడమే పెద్ద మాట. ఆ మాట నిలబెట్టుకుంటున్నాం కూడా. సౌర విద్యుత్తుకు మొదట 20 గిగావాట్లు అనుకున్న లక్ష్యాన్ని 2015లో వందకు పెంచారు. స్థాపిత సామర్థ్యంలో సగం అన్న గీతను 2025లోనే, గడువుకు ఐదేళ్ళ ముందే దాటేశాం. ఒక ప్రభుత్వోద్యోగిగా బతికినవాణ్ణి కాబట్టి ఇది ఎలా జరిగిందో నాకు తెలుసు. అంకె ఉంటే గడువు వస్తుంది, గడువు ఉంటే జవాబు చెప్పాల్సిన అధికారి వస్తాడు, నెలనెలా సమీక్ష వస్తుంది, బ్యాంకు అప్పు వెతుక్కుంటూ వస్తుంది. 2008 జూన్ 30న విడుదలైన జాతీయ కార్యాచరణ ప్రణాళికలో ఎనిమిది మిషన్లున్నాయి. అందులో సౌర మిషన్ ఒకటి, సుస్థిర వ్యవసాయ మిషన్ ఒకటి. రెండోదాని పేరు మా వైపు ఎంతమంది రైతులు విన్నారో ఎవరైనా వచ్చి అడిగి చూడవచ్చు.

ఖర్చుకు లెక్క లేదని అనలేం. 2021-22లో వాతావరణ మార్పును తట్టుకోవడానికి పనికొచ్చే పనుల మీద దేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 5.6 శాతమని కేంద్రం ఐక్యరాజ్యసమితికి తెలిపింది. పేదదేశాలకు డబ్బు ఇవ్వని ధనిక దేశాలకు చూపించడానికి అది మంచి అంకె. అయితే అది పెట్టిన డబ్బు లెక్క. ఆ డబ్బు తర్వాత ఒక మెట్ట చేను అదనంగా ఎన్ని రోజులు వాన లేకుండా నిలవగలిగింది? ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు.

వేరుశనగ పండించినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. అనంతపురంలో సగటున ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లు. నైరుతి వాటా అందులో 340 మించదు. పడమటి కనుమలు అరేబియా మబ్బుల్ని ఆపేస్తాయి, బంగాళాఖాతం మబ్బులు మా దాకా వచ్చేసరికి సగం ఖాళీ అయి ఉంటాయి. ఈ కరువు కొత్తదేమీ కాదు, 1876 నాటి ధాత కరువును మా ముసలివాళ్ళు తమ కళ్ళతో చూసినట్టే చెప్పేవాళ్ళు. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన మార్పు వాన పడే తీరులో ఉంది. మూడు నాలుగు జల్లులుగా రావలసింది ఒకే రాత్రి డెబ్బై మిల్లీమీటర్లుగా పడి వంకకు పోతుంది. ఆ తర్వాత నెలరోజులు చుక్క ఉండదు.

మా దగ్గర ఎక్కువగా వేసే కదిరి-6 రకం నూరు, నూట అయిదు రోజుల పంట. విత్తిన నెలకు పూత. నలభై రోజుల ప్రాంతంలో కాయ పట్టే ఊడలు నేలలోకి దిగుతాయి. ఆ పదిహేను రోజులు పైమన్ను మెత్తగా ఉండాలి. గరుసు నేల ఎండి బిగిసిందంటే ఊడ దిగలేక పైనే మాడిపోతుంది. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద జీపులో పోయేవాళ్ళకు పంట బ్రహ్మాండంగా కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. జులైలో వాన సాధారణాన్ని మించి పడి, ఆగస్టులో పాతిక రోజులు మొహం చాటేసినా, సీజన్ చివర కాగితం మీద ‘సాధారణ వర్షపాతం’ అనే ఉంటుంది. రైతు చేతికి వచ్చేది పశువులకు వేసే కట్టె. మా చేనులో మంచి ఏడాదికి ఎకరాకు పది మూటలు తీసిన రోజులున్నాయి, రెండు మూటలకు మూడు రోజులు కూలీలను పెట్టిన రోజులూ ఉన్నాయి. విత్తనకాయల ఖర్చే తిరిగి రాని ఏడాది ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. ముసలివాళ్ళూ పిల్లలూ మిగులుతారు, చేయగలిగినవాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. దేశానికంతా ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే ఎందుకు మొదలుపెట్టారో ఆ తాళాలు చూసినవాళ్ళకు అర్థమవుతుంది.

2016 ఆగస్టు సరిగ్గా ఇలాంటిదే. ఊడలు దిగే వేళకు వాన ఆగింది. ప్రభుత్వం రెయిన్‌గన్లు పంపింది. ఆ పనిలో నేనూ ఉన్నాను: ఇంజన్లు, పైపులు, ట్యాంకర్లు, రాత్రింబవళ్ళు. చేనులోనే పంట కుంట తవ్వుకుని, అందులో కాసిన్ని నీళ్ళు ఉన్నవాళ్ళకు ఒక రక్షక తడి అందింది. ఆ చేలల్లో కాయ నిలిచింది, నేను చూశాను. నీళ్ళు దూరంగా ఉన్న చేలకు గన్ను వచ్చినా చేయగలిగింది లేకపోయింది. యంత్రాలు ఎన్ని పంపిణీ చేశామన్నది ఆ రోజు మేం పంపిన నివేదికల్లో ఉంది. ఎన్ని చేలకు తడి అందేంత నీరు దగ్గర్లో ఉందన్నది అడిగే గడి ఆ ఫారంలో లేదు.

ఇంత నమ్మకం లేని వాన మీద ఇంత నాజూకు పంట ఎలా వచ్చిందన్నదీ గుర్తు చేసుకోవాలి. మా నాయన కాలంలో గొర్రుతో కొర్ర విత్తుతూ నడుమ నడుమ ఒక సాలు కంది, గట్ల వెంబడి ఆముదం, కలిపి కొంచెం అలసంద, అనుములు చల్లేవాళ్ళు. ఒకటి పోతే ఇంకోటి మిగిలేది. వేరుశనగ అప్పటికే ఉన్నా, 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చాక ధర, పంట రుణం, సబ్సిడీ విత్తనం, బీమా అన్నీ దాని చుట్టూనే పేరుకున్నాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా అదొక్కటే పంట. దేశంలో ఏ జిల్లాలోనూ అంత వేరుశనగ లేదు. రైతు మూర్ఖంగా ఒకే పంట పట్టుకున్నాడని నగరాల్లో కూర్చుని అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. అంకె పెట్టుకుని, డబ్బు పెట్టి, ఒక తరంలో ఈ నేల రంగు మార్చింది ప్రభుత్వ ప్రణాళికే. ప్రణాళికకు అంత బలం ఉంది గనుకనే దాన్ని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

అడగడానికి ఏమీ లేని చోట అడగడం లేదు. పని ఎలా ఉంటుందో మా పక్కచేనులోనే ఉంది. చిన్నాయన కోడలు, వరసకు నా మరదలు, మహిళా సంఘం నుంచి ప్రకృతి వ్యవసాయం శిక్షణకు వెళ్ళింది. మే నెలలో, తొలకరికి ముందే, పొడి దుక్కిలో ఇరవై రకాల గింజలు చల్లుతుంది. బంకమన్ను, బూడిద, బీజామృతం పట్టించి నీడన ఆరబెట్టిన గింజలు. ఘనజీవామృతం వేసి, పైన శెనక్కాయ పొట్టూ చెత్తా కప్పుతుంది. తొలకరికి ముందు వచ్చే ఒకటి రెండు జల్లులకే అవి మొలుస్తాయి. తొలి ఏడాది నాకు నమ్మకం కుదరలేదని ఆమెకు తెలుసు. “బావా, నేను దీన్నించి మూటలు తీయాలని చల్లేది కాదు, మన్ను నిలబెట్టుకునేదానికి చల్లేది” అంది. ఆ జూన్‌లో పడిన పెద్ద వానకు నా చేని నుంచి ఎర్రనీళ్ళు వంకకు దిగాయి. ఆమె చేనులో ఇంకాయి. వారం తర్వాత తవ్వి చూస్తే నా దగ్గర వేలెడు లోతున పొడి మన్ను, ఆమె దగ్గర జానెడు లోతున ఇంకా పదును.

ఈ పద్ధతి మీద చెప్పేవన్నీ నేను ఒప్పుకోను. ఆ పైరు గాలిలోని తేమను నేలకు దింపుతుందన్న మాటకు తగినంత రుజువు నాకు కనబడలేదు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెట్టుబడి లేని వ్యవసాయం మొత్తం మీదే సందేహం వెలిబుచ్చింది, దిగుబడుల మీద వాదన ఇంకా కొనసాగవచ్చు. కానీ కప్పి ఉన్న నేల వాన దెబ్బకు కొట్టుకుపోదని, ఎండకు త్వరగా ఆరదని వ్యవసాయ శాస్త్రం మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. రాష్ట్రం రైతు సాధికార సంస్థ ద్వారా ఈ పనిని చేపట్టి, 2018లో 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు, 2024 గడువు అని ప్రపంచానికి ప్రకటించింది. 2024లో దీనికి పోర్చుగల్ గుల్బెంకియన్ ఫౌండేషన్ బహుమతి వచ్చేనాటికి చేరినవాళ్ళు పది లక్షల పైచిలుకు. గడువు తప్పింది. అంకె ఉండబట్టే తప్పిందని తెలిసింది, ఎక్కడ ఆగిందో అడిగే హక్కు వచ్చింది. పది లక్షల మంది తమ నేల మీద చేసిన పనికి నేను దండం పెడతాను. మిగతా యాభై లక్షలకు కొత్త గడువు పెట్టి, దానికి తగ్గ డబ్బు రాష్ట్ర బడ్జెట్‌లో చూపించమని కూడా అడుగుతాను.

నీళ్ళ విషయంలో మా ప్రాంతానికి చూపించే దారి ఎప్పుడూ ఒకటే: కృష్ణ వస్తుంది. శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర ఎత్తి హంద్రీ-నీవా కాలువలో 2012లో జీడిపల్లి దాకా తెచ్చారు, సంతోషం. అక్కడినుంచి భైరవానితిప్ప ప్రాజెక్టుకు తెచ్చి దారిలో 114 చెరువులు నింపే పథకం మాట ఎన్నికలెన్నింటిలోనో విన్నాం. అది రావాలి. వచ్చినా చెరువు కింది పొలానికే వస్తుంది, మిట్ట మీద ఉన్న మెట్టకు ఎక్కదు. 2022లో ఎగువన హిరియూరు దగ్గరి వాణీవిలాస సాగరం 1933 తర్వాత మొదటిసారి పొంగి, వేదవతి నిండుగా పారింది. అదే వేదవతి ఒడ్డున కణేకల్లు వైపు దర్గాహొన్నూరులో ఇసుక దిబ్బలు చేల మీదికి జరిగే దృశ్యం ఈ జిల్లాకు వచ్చిన ప్రతి శాస్త్రవేత్తకూ చూపిస్తాం. ఒకే నది, ఒకే జిల్లా. ఏ ఏడాది ఏది వస్తుందో చెప్పలేని చోట ఒక్క కాలువ మీద భారం వేయకూడదు.

బోర్ల కథ అందరికీ తెలిసిందే. వెయ్యి అడుగులు తోడినా దుమ్ము లేచే చోట్లు మా దగ్గర కొత్త కాదు. ఇప్పుడు సబ్సిడీ సోలార్ పంపుల మాట నడుస్తోంది. కరెంటు శుభ్రమైనదైనా తోడేది అదే నీరు, పైగా పగలంతా ఖర్చు లేకుండా తోడవచ్చు. పంపు ఇచ్చే ముందు ఆ ఊరి నీటిమట్టానికి ఒక హద్దు గీయకపోతే కర్బనం తగ్గిందన్న లెక్క ఒకవైపు, ఎండిన చీనీ తోటలు ఇంకోవైపు మిగులుతాయి. దీనికి మందు కూడా ఇక్కడే పుట్టింది. పదిహేనేళ్ళ కిందట అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో కరువును తట్టుకునే ప్రయోగం ఒకటి నడిచింది. అందులో భాగంగా కొన్ని ఊళ్ళలో బోరున్న రైతులూ లేని రైతులూ పైపులు కలుపుకున్నారు. కొత్త బోరు వేయబోమని రాసుకున్నారు. ఖరీఫ్‌లో ఎవరి పైరు వాడుతుంటే వాళ్ళకు ఒక తడి ఇచ్చుకున్నారు. తన బోరు నీళ్ళు పక్కవాడికి ఇవ్వడానికి రైతు ఒప్పుకోడని చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళకు వెళ్ళి రావాలి. ఆ పని అక్కడే ఎందుకు ఆగింది? జిల్లాకు ఇన్ని ఊళ్ళని లక్ష్యం పెట్టినవాళ్ళు లేరు గనుక.

బీమా సంగతి ఇంకా చిన్న పరికరం దగ్గర ఆగుతుంది. వేరుశనగకు మా జిల్లాలో ఏళ్ళుగా వాతావరణ ఆధారిత బీమా ఉంది. నిర్ణయించిన వాతావరణ కేంద్రంలో ఇన్ని రోజులు వాన లేకపోతే ఇంత పరిహారం అన్నది సూత్రం. సూత్రం మంచిదే, పంటకోత ప్రయోగాల కోసం నెలలు ఆగక్కర్లేదు. కానీ మా దగ్గర వాన ఒక ఊళ్ళో పడి, గట్టు అవతల ఊళ్ళో పడదు. కేంద్రం ఉన్న చోట పడిన ఒక జల్లు పది మైళ్ళ అవతల రైతు పరిహారాన్ని చెరిపేస్తుంది. ప్రతి గ్రామానికి ఒక రెయిన్‌గేజ్ పెట్టి, ఉదయం ఎనిమిదిన్నర రీడింగ్‌ను ఊరి సచివాలయం గోడ మీద రాయాలి. గాలిమర పెట్టే ముందు ఏడాదికి పైగా గాలి వేగాన్ని కొలుస్తారు కదా, ఆ శ్రద్ధలో కొంత వాన కొలవడానికి కేటాయించమంటున్నాను.

ఆ మరలూ పలకలూ నిలబడేది కూడా మా మెట్ట మీదనే. మాకు దక్షిణాన సరిహద్దు దాటితే కర్ణాటకలోని పావగడ. అక్కడా కరువే, చాలా ఊళ్ళలో ఇంటి భాష తెలుగే. అక్కడ 2018లో మొదలైన 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కోసం సుమారు 13 వేల ఎకరాలను రైతుల నుంచి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలుకు తీసుకున్నారు. రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు. భూమి రైతు పేరనే ఉంది. పట్టా ఉన్న రైతుకు కరువులో అది నికరమైన ఆదాయం. భూమి లేని కూలీకి మాత్రం కలుపు పని పోయింది, గొర్రెల కాపరికి బీడు పోయింది. వాళ్ళకు ఆ కౌలులో వాటా లేదు. ఎన్‌.పి.కుంటలో భూమి తీసుకున్నప్పుడు పట్టా రైతుకు, డి-పట్టా రైతుకు, ఏ కాగితమూ లేకుండా తరాలుగా దున్నుకుంటున్నవాడికి మధ్య తేడాల మీద ఎంత గొడవ జరిగిందో ఈ జిల్లా మరిచిపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2024 స్వచ్ఛ ఇంధన విధానంలో 160 గిగావాట్లు లక్ష్యంగా పెట్టుకుంది. అందులో పెద్ద వాటా సీమ మెట్టల మీదనే వస్తుంది. రావాలి కూడా. అయితే ప్రతి యూనిట్ మీద కొన్ని పైసలు ఆ మండలపు పంట కుంటలకు, ఉమ్మడి బోర్లకు, బీడు పచ్చికకు చట్టప్రకారం దక్కాలి. కంపెనీ దయగా ఇచ్చే ఆర్వో ప్లాంటు, స్కూలు బెంచీలు దీనికి సమానం కావు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 2024లో బాకు వాతావరణ సదస్సులో ధనిక దేశాలు 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూర్చడంలో ముందుంటామన్నాయి. అది చాలదని మన ప్రతినిధి సభలోనే నిలబడి ఆ తీర్మానాన్ని తిరస్కరించారు. సరిగ్గా చేశారు. 2025 నవంబరులో బెలెం సదస్సులో, మార్పును తట్టుకోవడంలో ఏ దేశం ఎంత ముందుకు వెళ్ళిందో కొలవడానికి 59 సూచికలు ఒప్పుకున్నారు. వాటిని పాటించి తీరాలన్న నిబంధన లేదు. మనం మాత్రం స్వచ్ఛందంగా పట్టుకోవాలి. ఒక మెట్ట చేను కరువును ఇన్ని రోజులు ఎక్కువ తట్టుకుంది, దానికి ఇంత ఖర్చయింది అని కొలిచి చూపిస్తేనే బాకులో అడిగిన డబ్బును మళ్ళీ గొంతెత్తి అడగగలం.

కేంద్రం జాతీయ అనుకూలన ప్రణాళికను రాస్తోంది. దేశంలో సాగయ్యే నేలలో దాదాపు సగం వానమీదే ఆధారపడింది కాబట్టి మెట్ట నేలకు అందులో ప్రత్యేకంగా ఒక అంకె ఉండాలి. అది వచ్చేదాకా జిల్లా ఆగనక్కర్లేదు. మే 31 నాటికి కళ్యాణదుర్గం డివిజన్‌లో ఎన్ని ఎకరాల మెట్ట మీద పచ్చని కప్పు ఉందో ఉపగ్రహ చిత్రాల నుంచి తీయవచ్చు, గ్రామ సిబ్బందితో సరిచూడవచ్చు. కొర్ర, ఉలవ, అలసంద విత్తనం ఆ తేదీకి ఏ ఊళ్ళో ఎన్ని క్వింటాళ్ళు నిల్వ ఉందో రాయవచ్చు. కలెక్టరు జూన్ నెల సమీక్షలో గాలిమరల పనులు ఎంతవరకు వచ్చాయో చూసే పట్టికలోనే ఈ రెండు వరుసలూ చేర్చి, ఎదురుగా బాధ్యుడైన అధికారి పేరు రాయమని ఈ ఏరువాకకు ముందు నేను రాతపూర్వకంగా అడుగుతున్నాను.